మామ చెవికి అందని చప్పుడు

మా మామ పోయిన వారం కాలం చేశాడు. నేను కండ్లకోయలో కాలేజీ ఆఫీసులో ఉండగా మా అత్తమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, మీ మామ ఇగ లేడు. చాయ్ తాగి ఒరిగిండు, మళ్ల లేవలే. నువ్వు పైలంగ రా" అంది. ఆమె అంత మెల్లగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. మాట అందక ఇంకోసారి చెప్పమన్నాను. మళ్లీ అంతే మెల్లగా చెప్పింది.

మేడ్చల్ ఊరు దాటాక హైవే పక్కన ఆయనకొక రేకుల షెడ్డు ఉండేది. లారీలు, ట్రాక్టర్లు, జీపులు, తోటల్లో నీళ్లు తోడే డీజిల్ ఇంజన్లు, ఏది మొరాయించినా ఆ చుట్టుపక్కల వాళ్లు అక్కడికే తెచ్చేవాళ్లు. చివరి చూపుకు వచ్చినవాళ్లలో సగం మంది డ్రైవర్లే. ఒక్కొక్కరూ తమ బండి కథ ఒకటి చెప్పుకుని కళ్లు తుడుచుకున్నారు. నా దగ్గరా ఒక బండి కథ ఉంది. ఆయన గొప్పవాడని చెప్పడానికి కాదు. పెద్ద పెద్ద మాటలు మొదలైతే చేతిలో నట్లు విప్పే పాన పట్టుకుని పక్కకు జరిగిపోయే మనిషి ఆయన. ఆ బండి దగ్గరే ఒక మామా ఒక కోడలూ ఒకరికొకరు తెలిసివచ్చారు. అందుకని రాస్తున్నాను.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చింది తొంభైల నడుమ. మా పుట్టిల్లు కీసర దగ్గర. అక్కడ మా ఇంట్లో అందరిదీ మెత్తటి గొంతు. ఇక్కడ మా అత్తమ్మ ఉప్పు అందించమన్నా కేకే, చీపురు ఎక్కడ పెట్టావన్నా కేకే. ఆమెకు నామీద ఏదో కోపం ఉందని కొత్తలో బిక్కుబిక్కుమంటూ తిరిగేదాన్ని. మామ మాత్రం మాట తక్కువ మనిషి. ఇంటి ముందే షెడ్డు. మధ్యాహ్నం లోపలికి వచ్చేముందు చేతులకు ముందు కిరసనాయిలు, తర్వాత రంపపు పొట్టు, ఆఖరున సబ్బు రుద్దుకునేవాడు. అయినా గోళ్ల అంచున నల్లటి గీత పోయేది కాదు. అన్నానికి గోడకు ఆనుకుని, అందరి మొహాలూ కనపడే చోట కూర్చునేవాడు. ఎవరు మాట్లాడినా వాళ్ల పెదవుల వంకే చూసేవాడు. అది ఆయన మర్యాద అనుకునేదాన్ని.

నేను వచ్చే నాటికే ఆయన గిరాకీ బండ్ల మీద చెయ్యి వేయడం మానేశాడు. కారణం మా ఆయన చెప్పాడు. ఒక లారీ డ్రైవరు ఇంజన్ ముందు భాగంలో కీచుమంటోందని తెస్తే, మామ చెవి ఒగ్గి విని, ఏమీ లేదు పొమ్మన్నాడట. తూప్రాన్ చేరకముందే నీళ్ల పంపు బేరింగ్ పగిలింది. ఇంజన్ కాగిపోయి పట్టేసింది. లారీ యజమాని వచ్చి నలుగురి ముందూ, "ముసలోడివైనవ్, ఇగ ఇంట్ల కూసో" అన్నాడట. మర్నాటి నుంచి పనంతా మా ఆయన చేతికి వచ్చింది. మామ షెడ్డుకు వెళ్లేవాడు, పానలు తుడిచి పెద్దవీ చిన్నవీ వరుసగా పేర్చేవాడు, వచ్చిన డ్రైవర్లకు చాయ్ తెప్పించేవాడు. ఇంజన్ దగ్గరకు మాత్రం వెళ్లేవాడు కాదు.

అలాంటి రోజుల్లో ఆ కారు వచ్చింది.

గౌడవెల్లి దగ్గర ఒక పెద్ద ద్రాక్షతోట ఉండేది. దాని ఆసామి తోటను ప్లాట్లకు అమ్మేస్తూ, కొట్టంలో ఏళ్ల తరబడి పడి ఉన్న తన అమెరికా కారును మామకు ఇచ్చేశాడు. "నా మోటర్లన్నీ నువ్వే బతికిచ్చినవ్. దీన్ని గూడ సూడు. బతికితె నీదే, బతకకుంటె తుక్కుల ఎయ్యి" అన్నాడట. ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చారు. రెండే తలుపులు, పొడుగాటి ముక్కు, ఎడమ పక్కన స్టీరింగు. ఒకప్పుడు ఎర్ర రంగేమో, ఇప్పుడు పాతబడ్డ ఎండుమిరప రంగు. వెనక సీటు మీద కోళ్లు గుడ్లు పెట్టిన గడ్డి ఇంకా అలాగే ఉంది. బానెట్ ఎత్తితే లోపల ఎనిమిది సిలిండర్ల ఇంజను, ఈ పక్క నాలుగు, ఆ పక్క నాలుగు. ఆ ఆసామి వయసులో ఉన్నప్పుడు దాన్ని హైవే మీద నడిపితే ముందు గాలి వచ్చి తర్వాత కారు వచ్చేదని ఊళ్లో చెప్పుకునేవాళ్లు.

అత్తమ్మ గుమ్మంలో నుంచే అరిచింది. "ఏందయ్యా గది? పడవ దెచ్చినవా?"

"కారే. జెర పెద్దది" అన్నాడు మామ.

దాన్ని కదిలించడానికి ఆయన పట్టుబట్టాడు. పెట్రోలు ట్యాంకు విప్పి కడిగాడు, ఎలుకలు కొరికిన తీగలు మార్చాడు, సిలిండర్లలో నూనె పోసి నానబెట్టి చేత్తో తిప్పాడు. ఒక పొద్దున అది దగ్గింది, తెల్లటి పొగ కక్కింది, లేచింది. దానితోపాటే ఒక చప్పుడూ లేచింది. టక్ టక్ టక్ టక్. రేస్ ఇచ్చినకొద్దీ జోరుగా. మా ఆయన విని మొహం చిట్లించాడు. సికింద్రాబాదు నుంచి తెలిసిన మెకానిక్ ఒకతను వచ్చి విన్నాడు. ఇద్దరిదీ ఒకటే మాట. లోపల బేరింగ్ పోయింది, ఇంజన్ మొత్తం విప్పాలి, విప్పినా దీనికి సామాను దొరకదు.

"బాపూ, దసరా దాక సూద్దాం. షెడ్డుల జాగ లేదు. అటెన్క తుక్కోనికి ఇచ్చేద్దాం" అన్నాడు మా ఆయన. కటువుగా అనలేదు. జాగా నిజంగానే లేదు.

మామ తల ఊపాడు. అందరూ వెళ్లాక నేను బట్టలు ఆరేయడానికి అటు వెళ్తే, ఆయన నడుస్తున్న ఇంజన్ మీదకు వంగి ఉన్నాడు. మెకానిక్‌లు పొడుగాటి పేచ్‌కస్, అదే స్క్రూడ్రైవర్, మొనను ఇంజన్‌కు ఆనించి, కట్టె పిడిని చెవికి పెట్టుకుని లోపలి చప్పుడు వింటారు. అది నేను చూసిందే. కానీ మామ ఆ పిడిని పళ్ల మధ్య కరిచి పట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. "మామా" అన్నాను. పలకలేదు. గట్టిగా పిలిచాను. పలకలేదు. ఎదురుగా వెళ్లి నిలబడితే ఉలిక్కిపడి పేచ్‌కస్ తీసేసి నోరు తుడుచుకున్నాడు.

పెదవుల వంక చూడటం, గోడకు ఆనుకుని కూర్చోవడం, లారీ పంపు కీచుమన్నా ఏమీ లేదనడం, అన్నీ నాకు ఒక్కసారే అర్థమయ్యాయి.

"నీకు గీ చప్పుడు ఇనొస్తలేదా మామా?"

ఆయన ఇంజన్ ఆపాడు. నేల వంక చూస్తూ అన్నాడు. "లావు చప్పుడు దొరుకుతది బిడ్డా. సన్నదే దొరుకతలేదు. పిట్టలు ఒర్రంగ ఇనక ఎన్నేండ్లయిందో."

పేచ్‌కస్ తుడుస్తూ, "వానికి జెప్పకు" అన్నాడు. వాడంటే మా ఆయన.

"చెప్ప. నేనింట మామా. నువ్వడుగు, నేను జెప్త" అన్నాను. ఇంజన్ గురించి నాకు ఓనమాలు రావు. చెవులు మాత్రం బాగానే ఉన్నాయి కదా అనిపించింది.

మర్నాటి నుంచి అదే మా పని. మా ఆయన బయటి పనుల మీద వెళ్లాక మామ ఇంజన్ స్టార్ట్ చేసేవాడు, నేను ముందు నిలబడి వినేదాన్ని. మొదటి రోజు, మగవాళ్ల నోట విన్నదే కదా అని, "బేరింగ్ చప్పుడే మామా" అన్నాను. ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు. "పేరు వెట్టకు బిడ్డా. ఎట్లున్నదో జెప్పు."

ఎట్లా ఉంది? నాకు తెలిసినవి వంటింటి చప్పుళ్లే. "పోపుల ఆవాలు చిట్లినట్టు" అన్నాను. మళ్లీ విని, "కాదు, ఇంకా పొడిగ. మనం నాలుకతోని 'ప్చ్' అంటం సూడు, గట్ల."

"ఇనుము ఇనుమును కొట్టినట్టు లేదా?"

"లేదు. గాలి చిట్లినట్టున్నది."

ఆయన పేచ్‌కస్ కింద పెట్టేశాడు. "సల్లగున్నప్పుడు ఎక్కువనా, ఏడెక్కినంక ఎక్కువనా?"

అది నేను గమనించలేదు. సరే చూద్దామని ఇంజన్ ఆపకుండా వదిలేసి, చెరో స్టూలు వేసుకుని కూర్చున్నాం. నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విన్నాను. ఇంజన్ వేడెక్కేకొద్దీ చప్పుడు సన్నబడుతూ వచ్చింది. కాయలన్నీ అయ్యేసరికి దాదాపు పోయింది.

"తగ్గింది మామా!"

"తగ్గిందా? సక్కగ ఇన్నవా?" అని లేచి నిలబడ్డాడు. "బేరింగ్ పోతె ఏడెక్కినంక ఇంకింత మొత్తుకుంటది. ఆయిల్ పల్చగయితది గద. గిది ఉల్టా నడుస్తాంది. యాడనో సందున్నది బిడ్డా. ఏడికి ఇనుము ఉబ్బి ఆ సందు మూసుకుంటాంది. పొగ పోయే తావుల ఉంటది. బేరింగ్ చప్పుడైతె లావుగుంటది, నా పండ్లకే తెలుస్తుండె."

ఇంజన్ పొగను సైలెన్సర్ దాకా తీసుకెళ్లే ఇనుప గొట్టాలు రెండు పక్కలా ఉంటాయి. సందు ఎక్కడో పైకి కనపడలేదు. మర్నాడు ఇంజన్ చల్లగా ఉండగానే మామ పెట్రోలు కారడం లేదని నాలుగు దిక్కులా తడిమి చూసుకుని, తడి గోనెసంచి దగ్గర పెట్టుకుని, ఇంజన్ స్టార్ట్ చేసి, "దేవుని అర్రల నుంచి ఊదుబత్తి దే" అన్నాడు. వెలిగించిన ఊదుబత్తిని పొగ గొట్టాల అతుకుల వెంబడి మెల్లగా జరిపాడు. పొగ తిన్నగా లేస్తూ పోయింది. చిట్టచివరి మూలకు, డ్రైవరు కాళ్ల దిక్కు, వచ్చేసరికి ఎవరో ఊదినట్టు ముక్కలు ముక్కలుగా చెదిరింది. మామ ఇంజన్ ఆపి ఆ మూలకు వేళ్లు పోనిచ్చి తడిమాడు. బోల్టు ఉండాల్సిన చోట తల లేదు. లోపలే విరిగి ఉంది.

పాలు తీసుకుని అప్పుడే వచ్చిన అత్తమ్మ గేటు దగ్గర ఆగిపోయింది. "దేవునికి ఒక్కనాడు ముట్టియ్యలే ఊదుబత్తి! దీనికి పూజ జేస్తున్నవా?" అని ఆమె వేసిన కేకకు పక్కింటి వాళ్లు బయటికి వచ్చారు. మామకు అంతా వినపడింది. నవ్వుతూ ఊదుబత్తిని ఆమె చేతికే ఇచ్చాడు.

విరిగిన బోల్టును మా ఆయన డ్రిల్లు పెట్టి తీశాడు. మామ రాగి రేకు కత్తిరించి అతుకు మధ్య పెట్టే గాస్కెట్ చేశాడు. బిగించి స్టార్ట్ చేస్తే టక్ టక్ లేదు. మా ఆయన చాలాసేపు వంగి విన్నాడు. "బాపూ, నీకెట్ల దెలిసింది?"

"కోడలు జెప్పింది" అన్నాడు మామ. మా ఆయన వేళాకోళం అనుకుని నవ్వాడు.

కారు తుక్కుకు పోలేదు. కానీ రోడ్డెక్కిస్తే దానికి దమ్ము లేదు. ఇటుకలు వేసుకున్న ట్రాక్టరు మమ్మల్ని దాటిపోయింది. మామ బానెట్ ఎత్తి నాకు చూపించాడు. ఎప్పుడో ఎవరో అసలు కార్బురేటర్ పాడైతే, ఒక జీపుది తీసి అడ్డదిడ్డంగా అతికించారు. "గింత పెద్ద పాణం. గీ సన్న ముక్కుతోని ఊపిరి దీస్తాంది. ఎట్ల ఉరుకుతది?" అన్నాడు. ఇంజన్ గాలి పీల్చుకునే దారినే పెద్దది చేయాలన్నది ఆయన ఆలోచన. నాలుగు నోళ్ల కార్బురేటర్ ఒకటి కావాలి. అందులోంచి వచ్చే గాలినీ పెట్రోలునూ ఎనిమిది సిలిండర్లకూ పంచే మ్యానిఫోల్డు కూడా దానికి తగ్గ వెడల్పుది కావాలి.

వాటి కోసం గురువారం గురువారం నగరంలో పాత సామాను అమ్మే జుమ్మెరాత్ బజారుకు వెళ్లేవాళ్లం. ఆ సందట్లో దుకాణదారు మాట ఆయనకు అందదని నన్ను వెంట తీసుకెళ్లేవాడు. ఇంట్లో మాత్రం, "కోడలు బజారు సూడలేదట" అని చెప్పేవాడు. బస్సులో కిటికీ పక్క సీటు నాకే. పాత తాళాలు, విరిగిన ఫ్యాన్లు, గడియారాల మధ్య మేం మోకాళ్ల మీద కూర్చుని వెతికేవాళ్లం. చాలా వారాలకు ఒక తుక్కు కుప్ప అడుగున మామ చెయ్యి ఆగింది. మట్టి కొట్టుకుపోయిన అల్యూమినియం మ్యానిఫోల్డు, దాని పక్కనే నాలుగు నోళ్ల కార్బురేటర్. అలాంటిదే ఇంకో కారు ఎక్కడో చచ్చిపోయి వాటిని వదిలి వెళ్లింది. బస్సులో ఇంటిదాకా ఆ కార్బురేటర్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కండక్టరు అదేమిటని అడిగితే, "ఊపిరితిత్తి" అన్నాడు.

బిగించాక ఇంకో కష్టం. ఇంజన్ నిలకడగా నడవదు, ఎగసి పడుతుంది. మామ నా వంక చూశాడు. నేను చెవి ఒగ్గాను. కుక్కర్ విజిల్ వేయబోయే ముందు వచ్చే చప్పుడు, స్‌స్‌స్ అని, చాలా సన్నగా. చెప్పాను. ఆయన ఒక రబ్బరు గొట్టం తెచ్చి ఒక కొన నా చెవిలో పెట్టాడు, రెండో కొనను అతుకు వెంబడి జరిపాడు.

"ఈడనా?"

"కాదు."

"ఈడ?"

"ఆ, ఈడనే! చెవుల పాము బుసకొట్టినట్టున్నది."

దొంగగాలి లోపలికి దూరుతోంది. మ్యానిఫోల్డు అడుగు భాగం వంగి ఉంది. మామ కిటికీ అద్దం ఒకటి బల్ల మీద పరిచి, గరుకు పేస్టు పూసి, దాని మీద మ్యానిఫోల్డును రుద్దడం మొదలుపెట్టాడు. గుండ్రంగా, మెల్లగా, చూసుకుంటూ. రోజూ అదే పని. భుజాలు లాగేస్తున్నా ఆపలేదు. ఒక సాయంత్రం మా ఆయన షెడ్డు మూసే వేళకు వచ్చి, కాసేపు నిలబడి చూసి, రెండో కొస పట్టుకున్నాడు. తండ్రీ కొడుకులు చీకటి పడే దాకా రుద్దారు. లారీ గొడవ తర్వాత వాళ్లిద్దరూ ఎదురెదురుగా నిలబడి ఒకే వస్తువు మీద చేతులు వేయడం అదే మొదటిసారి.

దసరా వెళ్లాక ఒక పొద్దున నలుగురం బయల్దేరాం, శామీర్‌పేట దిక్కు. మామ స్టీరింగు ముందు, పక్కన నేను, వెనక అత్తమ్మ, మా ఆయన. ఊరు దాటి రోడ్డు ఖాళీగా దొరికాక మామ కాలు కిందికి నొక్కాడు. అప్పటిదాకా కార్బురేటర్ రెండు నోళ్లతోనే మామూలుగా పోతున్న బండికి మిగతా రెండూ తెరుచుకున్నాయి. బానెట్ కింద చప్పుడు మారిపోయింది. కారు ముక్కు కొంచెం పైకి లేచి మమ్మల్ని సీట్లకు అదిమేసింది. అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఎట్లున్నది బిడ్డా?" అని అరిచాడు మామ.

"తూము ఎత్తితె నీళ్లు దుంకినట్టున్నది మామా!"

"గిది నాకు గూడ దొరికింది. ఈపుల దొరికింది" అన్నాడు. ఆయన నవ్వితే పై పన్ను ఒకటి లేదని నాకు అప్పుడే తెలిసింది.

శామీర్‌పేట చెరువు కట్ట దగ్గర ఆగాం. మామా మా ఆయనా బానెట్ ఎత్తి ఏదో చూసుకుంటున్నారు. మా ఆయన చేతులు తిప్పుతూ, తండ్రి మొహానికి ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా స్పష్టంగా పలుకుతున్నాడు. మామ చెవుల సంగతి ఆయనకూ తెలిసిపోయిందని అర్థమైంది. అత్తమ్మా నేనూ కాల్చిన మక్కకంకులు తింటూ గట్టు మీద కూర్చున్నాం. ఆమె నా వంక చూసి అంది.

"నువ్వు దాసిపెట్టినవ్ గని, నాకెర్క లేదా బిడ్డా? పెండ్లయిన కొత్తల నేను గూడ నీ లెక్కనే మెల్లగ మాట్లాడేదాన్ని. రాను రాను ఏమన్నవ్, ఏమన్నవ్ అనుడు వెట్టిండు. మల్ల మల్ల అడుగుడంటె ఆయనకు నామోషీ. గందుకని నేనే గొంతు లేపిన. ఇగ గదే అలవాటయింది. ఊరంతా నన్ను గయ్యాళి అంటరు, అననీ."

కంకి గింజలు ఒలిచి ఆమె చేతిలో పెట్టాను.

ఆ తర్వాత గడ్డు బండ్లు వస్తే మా ఆయన, "బాపూ, జెర సూడు" అనేవాడు. మామ నన్ను పిలిచేవాడు. అప్పటికి కాలేజీలో ఉద్యోగం దొరికిన నేను ఆఫీసుకు తయారై చేతిలో టిఫిన్ డబ్బాతో లారీ ముందు నిలబడి విని చెప్పేదాన్ని. డ్రైవర్లకు మొదట్లో వింతగా ఉండేది, తర్వాత అలవాటైంది. వినికిడి మిషన్ కొనిస్తే కొన్నాళ్లు పెట్టుకున్నాడు. "అన్నీ ఇనొస్తున్నయ్ బిడ్డా, మీ అత్త తిట్లు గూడ డబుల్ అయినయ్" అని తీసి సబ్బు డబ్బాలో దాచాడు. రోడ్డు వెడల్పులో షెడ్డు పోయినప్పుడు ఆ కారును, పాత బండ్లంటే ప్రాణమిచ్చే ఒకతను నగరానికి తీసుకెళ్లాడు. మామ అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒకే మాట చెప్పాడు. "కొత్త చప్పుడొస్తె ముందు ఇను. పాన తర్వాత."

నా ఆఫీసుకు పిల్లలు ఏదో గొడవతో ఊగిపోతూ వస్తారు. అన్యాయం, మోసం అని ముందే పేర్లు పెట్టేస్తారు. నేను కూర్చోమని చెప్పి, అసలు ఏం జరిగిందో, ఎట్లా జరిగిందో చెప్పమంటాను. అది ఎవరు నేర్పారో వాళ్లకు తెలియదు.

చివరి ఏళ్లలో ఆయనకు లావు చప్పుడు కూడా దొరకలేదు. పోయిన వానాకాలం ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి, వరండాలో ఆయన ఒళ్లో కూర్చుని, మాకు ఆలస్యంగా పుట్టిన నా కూతురు పాఠం పైకి చదువుతోంది. ఆయన అరచెయ్యి దాని వీపు మీద ఉంది, కళ్లు మూసుకుని ఉన్నాడు. ఒక పెద్ద మాట దగ్గర అది తడబడి ఆగింది. మామ కళ్లు తెరవకుండానే వేళ్లతో మెల్లగా తట్టి, "ఆగినవేంది బిడ్డా, సదువు" అన్నాడు. అది మళ్లీ ఊపిరి తీసుకుంది. దాని వీపుతోపాటు ఆయన చెయ్యి పైకి లేచింది.